పక్కింటి కుండ

విజయవాడలో ఒక కోచింగ్ కాలేజీ మెట్ల పక్కన నాలుగు ఎర్ర బకెట్లు వరసగా వేలాడుతున్నాయి. ఒక్కోదాని మీద తెల్ల రంగుతో ‘ఫైర్’ అని రాసి ఉంది. మా చెల్లెలి కూతురు శైలజను ఇంటర్లో చేర్చటానికి వెళ్ళాను. ఫీజు కిటికీ దగ్గర వరస కదలటం లేదు. నిలబడి నిలబడి, ఒక బకెట్లో చెయ్యి పెట్టాను. పెట్టాక గానీ అది నా అలవాటు కాదని, ఇంకొకరి దగ్గర్నుంచి నా చేతికి వచ్చిందని గుర్తుకు రాలేదు.

బకెట్లో ఇసుక లేదు. సిగరెట్ పీకలు, టీ తాగి పడేసిన కప్పులు, ఎండిపోయిన కిళ్ళీ ఉమ్ము. రెండోదాంట్లోనూ అంతే. మూడోదానికి అడుగే లేదు. నాలుగోది చూడబుద్ధి కాలేదు. పైన ఐదు అంతస్తులు, ప్రతి అంతస్తు నిండా పిల్లలు, ప్రతి గదిలోంచీ మైకులో పాఠం. అంతమందీ ఎక్కటానికీ దిగటానికీ ఒకటే మెట్లవరస. వెనకవైపు ఇంకోటి ఉంది. దానికి ఇనప కటకటాలు, వాటికి తుప్పు పట్టిన తాళం. నాకు ఒళ్ళంతా చెమట పోసింది. అది జూన్ ఎండకు పోసిన చెమట కాదు.

ఆయన ఉంటే ఏమనేవాడో నాకు తెలుసు. “గాలి లేచింది మాస్టారూ” అనేవాడు.

ఆయన పోయి ఏడాది దాటిందట. హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారుతుంటే మా పాత పేట మనిషి కనబడి చెప్పాడు. “మన స్టవ్వుల సాయిబుగారు లేరండి” అని, చేతిలో సోడా పూర్తిచేసి, బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు. కాలేజీ మెట్ల దగ్గర, పరాయివాళ్ళ ఉమ్ము అంటిన వేళ్ళను జేబురుమాలుతో తుడుచుకుంటుంటే వచ్చింది.

తొంభైల్లో నేను పామర్రులో హైస్కూలు మాస్టర్ని. ఊరి చివర కాలువ గట్టు పక్కన ఒక పేటలో ఉండేవాణ్ణి. ఎదురెదురుగా రెండు వరసల తాటాకిళ్ళు, చూరుకు చూరు తగులుతూ ఉండేవి. చివరనున్న నా అద్దె ఇల్లొక్కటే డాబా. ఆ పేట మొత్తానికీ పంపు స్టవ్వులు బాగుచేసేది ఆయన. భుజాన గోనెసంచి, అందులో బర్నర్లు, వాషర్లు, పిన్నులు, చిల్లులకు మాట్లు వేసే ఇనప కడ్డీ. మోచేతి నుంచి మణికట్టు దాకా ఎప్పటిదో కాలిన మచ్చ ఉండేది. అదెక్కడిదని అడిగితే చొక్కా చెయ్యి కిందికి లాక్కుని వాషరు వెతుక్కునేవాడు. నేను రెండుసార్లు అడిగి మానేశాను. పేటలో ఆయన పేరు ఎవరూ వాడేవాళ్ళు కాదు. ఇప్పుడు నేనూ వాడను.

ఏ ఇంటి ముందుకు వచ్చినా ముందు పిలిచేవాడు కాదు. ముక్కు పైకెత్తి వాసన చూసేవాడు. “అమ్మా, కిరసనాయిలు ఒలికినట్టుంది, మంచం కింద చూడు” అనేవాడు. చూస్తే సీసా దొర్లి ఉండేది. ఆయన బీడీ తాగడు. ఎవరైనా తాగుతుంటే ఆఖరి దమ్ము దాకా ఓపిగ్గా ఎదురుచూసి, ఆ ముక్క అడిగి తీసుకుని, నేలకు నలిపి, ఒక రేకు డబ్బాలో వేసుకునేవాడు. ఆడవాళ్ళు ఊరుకుంటారా?

“మా ఆయన ఎంగిలి బీడీలు దాచుకుంటున్నారేంటి సాయిబుగారూ, అంత మోజా?”

“మీ ఇల్లు జేబులో పెట్టుకు తిరుగుతున్నానమ్మా” అనేవాడు, నవ్వకుండా.

డెల్టా సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఎండాకాలం రాగానే కాలువలు కట్టేస్తారు. తాటాకు పెళపెళలాడే రోజుల్లోనే కాలువ అడుగు నెర్రెలు విచ్చి ఉంటుంది. నిప్పుకు అంతా సిద్ధంగా ఉంటుంది, నీళ్ళుండవు. అందరికీ కొత్త సంవత్సరం ఉగాదికి వస్తే ఆయనకు కాలువ కట్టేసిన రోజున వచ్చేది. ఆ మర్నాటి నుంచి స్టవ్వుల పని సగం, పేట పని సగం. ప్రతి గుమ్మం ముందూ రెండు నిండు కుండలు పెట్టించేవాడు. కుండ పక్కన ఒక గోనెసంచి. వరసకొక పొడుగాటి వెదురు, దాని చివర ఇనప కొక్కెం. నిప్పంటుకున్న ఇంటి పక్క ఇంటి కప్పును లాగి పడేయటానికి అది. “కాలే ఇంటిని కాదండీ, కాలబోయే ఇంటిని లాగాలి” అని ప్రతి ఏడూ అందరికీ మొదటిసారి చెబుతున్నట్టు చెప్పేవాడు.

పొద్దున తొమ్మిదిన్నరకు వేలు నోట్లో పెట్టి తడిచేసి పైకెత్తేవాడు. పడమటి గాలి తగలగానే వీధిలో నడక మొదలు. “గాలి లేచింది. పొయ్యిలార్పండమ్మా. గాలి లేచింది.” కేక కాదు, పాట కాదు. రైల్వే స్టేషన్లో బండి వచ్చే ప్లాట్‌ఫాం నంబరు చెప్పినట్టుండేది. ఆ గొంతు వినబడితే నాకు వెన్ను జలదరించేది. నాది డాబా అయినా సరే.

కుండలు. అసలు సంగతి అక్కడుంది. ఆ కుండలకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపమండలు కట్టి ఉండేవి. సాయిబుల ఇళ్ళ ముందు కుండల మెడకు ఆకుపచ్చ గుడ్డ. కిరస్తానీల ఇళ్ళ ముందు కుండల మీద సున్నంతో సిలువ. ఆ నీళ్ళు ముట్టుకుంటే ఇంటికి అరిష్టమని పేటంతా నమ్మకం. రక్తం కక్కుకుంటారని కూడా ఎవరో కలిపారు. నేను ఊరుకునే మనిషినా? విజయవాడలో హేతువాద సభల్లో పెరిగినవాణ్ణి. మూఢనమ్మకం కనబడితే చెయ్యి దురద పుడుతుంది నాకు. ఒకరోజు మా అరుగు మీద స్టవ్వు విప్పుతున్నవాణ్ణి పట్టుకుని నిలదీశాను.

“సాయిబుగారూ, మీరు నమాజు చేసే మనిషి. ఈ కుంకుమ బొట్లేంటి?”

“నేను పెట్టలేదండీ. మీ దేవుడి గుర్తు మీరే పెట్టుకోండమ్మా అన్నానంతే.”

“ఎందుకన్నారు?”

ఆయన బర్నరు ఎత్తి వెలుతురుకు పెట్టి, చిల్లుల్లోంచి చూశాడు. “గుర్తు లేకపోతే తాగేస్తారండి.”

“అంటే జనాన్ని మోసం చేస్తున్నారు.”

“అవునండి” అన్నాడు. అంత సులువుగా ఒప్పుకునేసరికి నా కోపం ఇంకా పెరిగింది.

ఆ ఏప్రిల్లో ఒక ఆదివారం సాయంత్రం పేటలో సభ పెట్టాను. భయం మనిషిని ఎలా బానిసను చేస్తుందో గంటసేపు చెప్పాను. బాగా మాట్లాడాను. ఈ మాట గొప్పకు కాదు, సిగ్గుతో రాస్తున్నాను. చివరికి బెంచీ దిగి, ఎడమ వరసలో ఉండే రత్తమ్మ గుమ్మం ముందున్న కుండ మీది కుంకుమ అరచేత్తో తుడిచి, గ్లాసుతో నీళ్ళు ముంచుకు తాగాను. “రేపు పొద్దున నేను బతికుంటే మీరు నమ్మాలి” అన్నాను. చప్పట్లు కొట్టారు. అందరికంటే ముందు కొట్టింది రత్తమ్మే. మర్నాడు తెల్లవారుతూనే నలుగురు ఆడవాళ్ళు నీళ్ళ బిందెలతో మా ఇంటి ముందు నుంచి నడుస్తూ కిటికీలోకి తొంగిచూశారు. నేను పళ్ళు తోముకుంటున్నాను. నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం ఆయన వచ్చాడు. అరుగెక్కలేదు.

“మాస్టారూ, మీరు చెప్పింది నిజమే. ఇప్పుడు కుండలు ఎవరు నింపుతారు?”

“వాళ్ళే నింపుతారు. ఎందుకు నింపాలో తెలిస్తే భయపెట్టక్కర్లేదు.”

“ఎందుకు నింపాలో నిన్న చెప్పారాండీ?”

చెప్పలేదు. దేవత లేదని గంటసేపు చెప్పాను. నిప్పు ఉందని ఒక్క మాట చెప్పలేదు. “వచ్చే సభలో చెబుతాను” అన్నాను. ఆయన వేలు తడిచేసి పైకెత్తి, దించి, వెళ్ళిపోయాడు.

తర్వాత మూడు వారాలు నా కళ్ళ ముందే జరిగాయి. వేపమండలు ఎండి రాలిపోయాయి. కుండల్లో నీళ్ళు సగానికి వచ్చాయి. పంచాయతీ కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది. ఇంట్లో బిందె ఖాళీ అయితే ఎదురుగా చల్లటి నీళ్ళు కనబడుతుంటే ఎవరాగుతారు? ముందు కాళ్ళు కడుక్కున్నారు. తర్వాత అంట్లు తోముకున్నారు. ఆయన గుమ్మం గుమ్మానికీ వెళ్ళి బతిమాలేవాడు. “మాస్టారే తాగారు కదండీ” అనేవాళ్ళు. ఆ మాట నాకూ వినబడేది. అయినా సభ పెట్టలేదు. పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఈ ఆదివారం, కాదు వచ్చే ఆదివారం అనుకుంటూనే ఉన్నాను.

మే నెల నడిమి. రత్తమ్మ ఇంటికి పదిన్నరకు చుట్టాలొచ్చారు. వండిన అన్నం అయిపోయింది. చుట్టాలను పస్తు పెట్టకూడదు కదా. పొయ్యి మళ్ళీ రాజేసింది. ఎసరుకు ఇంట్లో నీళ్ళు లేవు. గుమ్మం ముందు కుండలోంచి చెంబుతో ముంచుకుంది. ఒకటి చాలక రెండోది కూడా వంచేసింది. అన్నం ఉడికేలోపు గాలి ఒక నిప్పురవ్వను చూరులోకి విసిరింది.

నేను లోపల ఏదో రాసుకుంటున్నాను. ముందు వినబడింది కేక కాదు. ఎండుటాకుల మీద పెద్దవాన కురిసినట్టు ఒక చప్పుడు. బయటికొచ్చేసరికి రత్తమ్మ ఇంటి మీద నిలువెత్తు మంట, గాలికి వంగి పక్క ఇంటిని నాకుతోంది. ఆ ఎండలో మంట సరిగా కనబడదు. పైన గాలి వణుకుతున్నట్టు ఉంటుంది, అంతలో అవతలి కప్పు నల్లబడుతుంది. చూస్తుండగా మూడో ఇల్లు, నాలుగోది. వెదుళ్ళు పేలుతున్నాయి. ఆడవాళ్ళు పిల్లల్ని చంకలకెత్తుకుని కాలువలోకి దూకుతున్నారు. ఎండిపోయిన కాలువ అది.

ఆయన ఎక్కణ్ణుంచి వచ్చాడో తెలియదు. వరస వెంట పరిగెత్తుతున్నాడు. ప్రతి గుమ్మం దగ్గరా వంగి కుండలో చెయ్యి పెడుతున్నాడు. తీస్తున్నాడు. పొడి చెయ్యి. పక్క గుమ్మం. చెయ్యి పెట్టటం, తీయటం. పొడి చెయ్యి. ఎంతసేపు చూశానో నాకు తెలియదు. నేను అరుగు దిగలేదు. ఆ చెయ్యి ఒక్కో కుండలోకి దిగినప్పుడల్లా నా గొంతులో ఆ సభనాటి గ్లాసెడు నీళ్ళు అడ్డం పడ్డట్టుంది.

“అత్తమ్మ! మా అత్తమ్మ లోపలుందయ్యో!” అని రత్తమ్మ అరిచింది. పక్షవాతంతో మంచం పట్టిన ముసలావిడ.

వీధి చివర మేరమ్మ ఇంటి ముందు రెండు కుండలూ నిండుగా ఉన్నాయి. సున్నం సిలువ చెక్కుచెదరలేదు. తర్వాత అడిగితే మేరమ్మ అంది కదా, “మీరు వాళ్ళ అమ్మవారి గురించి చెప్పారండీ. మా సిలువ గురించి ఏం అనలేదుగా!” ఆయన గోనెసంచి ఒకదాన్ని ఆ కుండలో ముంచి నెత్తిన కప్పుకున్నాడు. రెండో కుండ ఎత్తి ఒంటి మీద కుమ్మరించుకున్నాడు. మండుతున్న ఇంట్లోకి వెళ్ళి ముసలావిణ్ణి తెచ్చాడు. మంచం పట్టెలు అప్పటికే రాజుకున్నాయి. వాటిని ఉత్త చేతులతో పట్టుకుని, మంచంతో సహా ఈడ్చుకొచ్చాడు.

ముసలావిడ బతికింది. ఎవరూ పోలేదు. ఎడమ వరసంతా బూడిదైంది. కుడి వరస మిగలటానికి కారణం నేను కాదు. మంట అటు దాటబోయే చోట, ఆయన నేర్పిన కొక్కెంతో ఎవరో నా పక్క ఇంటి కప్పు లాగి పడేశారు. ఆయన చేతులు మాత్రం పోయాయి. వేళ్ళు ఉన్నాయి, వంగవు. వాషరు పట్టవు, పిన్ను పట్టవు. స్టవ్వుల పని అక్కడితో సరి.

విజయవాడ పెద్దాసుపత్రికి చూడబోయాను. దారి పొడుగునా బస్సులో ఏమనాలో కూర్చుకుంటూనే ఉన్నాను. మంచం పక్కన నిలబడగానే అన్నీ పోయాయి. రెండు చేతులూ కట్లలో ఛాతీ మీద పెట్టుకుని పడుకున్నాడు.

“పొయ్యిలు ఆర్పుతున్నారాండీ?” అన్నాడు.

“ఆర్పుతున్నారు. సాయిబుగారూ, తప్పు నాది.”

“కుండలు?”

“నిండుగా ఉన్నాయి. ఎవరూ ముట్టుకోవటం లేదు.”

“ఈ ఏడు ముట్టుకోరు లెండి. వచ్చే ఏడు కూడా. ఆ పై ఏడు తాగుతారు.” కట్లు కట్టిన చేతుల వైపు చూశాడు. “నాది కూడా తప్పే మాస్టారూ. అబద్ధం మీద కుండ పెట్టా. మీరు తట్టగానే పడింది. నాకు వేరే దారి తెలీలేదు. చదువుకున్నవారు, మీరు చెప్పండి. బొట్టు లేకుండా కుండ ఎట్లా నిండుతుంది?”

నా జీవితంలో ఎన్నో వాదాలు చేశాను, చాలావాటిలో గెలిచాను. ఇంత సూటి ప్రశ్న నన్ను ఏ పండితుడూ అడగలేదు. దేవుడు లేడని నిరూపించటం తేలిక. లేని దేవుడు చేస్తున్న పనిని ఇకనుంచి ఎవరు చేస్తారో చెప్పాలి కదా! అది చెప్పకుండా బెంచీ దిగిపోయేవాడు హేతువాది కాదు, కబుర్లరాయుడు.

చాలా రోజులు ఆలోచించాను. ఈలోగా ఎడమ వరసలో కొత్త తాటాకు కప్పులు లేచాయి. ఇంటింటికీ తిరిగి, నిప్పు ఎలా పాకుతుందో, గాలి ఏం చేస్తుందో చెప్పాను. అందరూ తలూపారు. కుండ మాత్రం ఎవరిది వాళ్ళకు నిండుగానే కనబడుతుంది. సగం ఉన్నా “ఇప్పుడే పోస్తున్నానండీ” అంటారు. ఒకరోజు రత్తమ్మ ఎదురింటావిడ కుండ చూసి, “దాని కుండలో చారెడు కూడా లేవు, దాని వల్ల మనం చావాలా?” అని రెచ్చిపోయింది. అప్పుడు తట్టింది. ఎవరి కుండ వాళ్ళు చూసుకోవద్దు. ప్రతి ఇల్లూ కుడిపక్క ఇంటి కుండ చూడాలి. తొమ్మిదింటికి చెయ్యి పెట్టి చూసి, వెలితి ఉంటే వీధిలో నిలబడి చెప్పాలి.

ఆ మరుసటి వేసవి పేటలో జరిగినన్ని తగాదాలు నేనెప్పుడూ చూడలేదు. “నా కుండలో నీ మురికి చెయ్యి పెడతావా?” “పెడతానే, నీ ఇల్లంటుకుంటే నా ఇల్లు మిగులుతుందా?” జుట్లు పట్టుకున్నారు కూడా. కుండలు మాత్రం నిండుగా ఉన్నాయి. బొట్లు లేవు, గుడ్డల్లేవు. మేరమ్మ మాత్రం సిలువ చెరపనంది. నేను ఏమీ అనలేదు.

ఆయన ఆసుపత్రి నుంచి వచ్చాక కూడా ఎండాకాలం నడక మానలేదు. వేళ్ళకు స్పర్శ లేదు కాబట్టి చొక్కా చెయ్యి పైకి లాక్కుని, పసిబిడ్డ నీళ్ళ వేడి చూసే తల్లిలా, కుండలో మోచెయ్యి ముంచి చూసేవాడు. గాలికి ఎత్తటానికి తడి వేలు పనికిరాక, తడిసిన ఆ మోచెయ్యే పైకెత్తేవాడు. పిల్లలు నవ్వేవాళ్ళు. నేను నవ్వలేదు. ఆ పేటలో కారణం నుంచి కార్యం దాకా రోజూ కాళ్ళతో నడిచింది ఆయనొక్కడే. నేను మాట్లాడాను. నాకు బదిలీ అయి విజయవాడ వచ్చేశాక, ఏటా మే నెలలో పొద్దున తొమ్మిదిన్నరకు నా పని ఆగిపోయేది. ఇప్పటికీ ఆగిపోతుంది. కుండలు నిండి ఉన్నాయో లేదో అడగటానికి అక్కడికి వెళ్ళాలంటే భయం. ఒక్కసారీ వెళ్ళలేదు.

కాలేజీలో వాచ్‌మన్‌ను పిలిచి కటకటాల తాళంచెవి అడిగాను.

“మేనేజరుగారి దగ్గరుందండీ. ఎందుకు?”

“తియ్యాలి.”

“మామయ్యా, అందరూ చూస్తున్నారు” అంది శైలజ, నా చొక్కా పట్టుకు లాగుతూ. నేను ఆ మెట్ల ముందే కూర్చున్నాను. తాళం తీసేదాకా లేవనన్నాను. గంట పట్టింది. మేనేజరు వచ్చి విసుక్కుంటూ తీశాడు. కటకటాలు తెరిస్తే మెట్లే కనబడలేదు. విరిగిన బెంచీలు, పాత ప్రశ్నపత్రాల కట్టలు, ఎండిన రంగుడబ్బాలు మొదటి మలుపు దాకా పేర్చి ఉన్నాయి. నాకు వినబడింది. ఎండుటాకుల మీద పెద్దవాన చప్పుడు. పైన మైకులో ఎవరో భౌతికశాస్త్రం చెబుతున్నారు.

“పద శైలూ. ఇక్కడొద్దు.”

బయటికొచ్చి ఆటో పిలిచాను. శైలజ ఎక్కి కూర్చుంది. నేను ఎక్కబోతూ చెయ్యి ఆటో కమ్మీ మీద పెట్టి ఆగిపోయాను. నేను చేస్తున్నదేమిటి? మా ఇంటి కుండ నిండుగా ఉంది కదా అని వెళ్ళిపోవటం. ఐదు అంతస్తుల్లో ఎవరెవరి పిల్లలో ఉన్నారు. వాళ్ళ అమ్మానాన్నలు ఏ ఊళ్ళోనో, ఈ మెట్లు చూడకుండానే, పిల్లలు భద్రంగా ఉన్నారనుకుంటున్నారు.

ఆటోవాణ్ణి ఉండమని లోపలికి నడిచాను. ఫీజు వరసలో నిలబడ్డ తల్లిదండ్రులు చూస్తుండగా ఆ మెట్ల మీద పేర్చిన మొదటి బెంచీ ఒక కొస పట్టుకుని లాగాను. బరువుగా ఉంది. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు.

“ఏవండీ, మీ అమ్మాయిని ఇక్కడ చేర్చట్లేదుగా! మీకెందుకండీ?”

“చేర్చట్లేదు కాబట్టే” అన్నాను.

వరసలోంచి ఎవరో గొణుక్కున్నారు. ఎవరో నవ్వారు. ఒక పెద్దాయన మాత్రం చేతిలోని ఫారం మడిచి జేబులో పెట్టుకుని, ఎర్ర బకెట్ దగ్గరికి వెళ్ళి అందులోకి తొంగిచూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ వచ్చి, బెంచీ రెండో కొస పట్టుకున్నాడు.